మూడంటే తొమ్మిది, తొమ్మిదంటే మూడు: నైరోబీలో ఐదు రోజులు

మా ఆవిడది విత్తనాల పని. ఫిబ్రవరిలో నైరోబీలో సమావేశం, గది వాళ్లే ఇస్తారని చెప్పింది. రిటైరయ్యాక ఇంట్లో ఒకే పేపరు రోజుకు రెండుసార్లు చదువుతున్న మనిషిని నేను. గదిలో మంచం ఇద్దరికీ సరిపోతుందని తెలిసిన మరుక్షణం నా టికెట్ డబ్బులు నేను పెట్టుకుని వెంటబడ్డాను. పగలంతా ఆమె మీటింగుల్లో, నేను రోడ్ల మీద. తిరిగొచ్చి వారం కాలేదు, మర్చిపోకముందే రాసిపెడుతున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం: స్టాన్లీ

ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పలుచటి చొక్కాలు సర్దాను. నైరోబీ సముద్రమట్టానికి 1,700 మీటర్లకు పైన ఉంది. పగలు ఎండ ఉన్నా, పొద్దు వాలేసరికి మదనపల్లి దాటి హార్సిలీ కొండ ఎక్కినట్టు చల్లబడింది. ఊరి పేరుకే మసాయి భాషలో చల్లని నీళ్లని అర్థమట. ముందే తెలిస్తే స్వెటర్ తెచ్చుకునేవాణ్ని.

తెచ్చుకోకూడనిది తేకపోవడం ఒక్కటే నేను చేసిన మంచి పని. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉంది, జరిమానాలు గట్టివి. మా అమ్మాయి ఫోన్ చేసి హెచ్చరించడంతో చెనక్కాయల పొడి, కారప్పొడి కవర్లలోంచి స్టీలు డబ్బాల్లోకి, డబ్బాలు గుడ్డ సంచిలోకి మారాయి.

మా బస స్టాన్లీ హోటల్. కెన్యాటా అవెన్యూ, కిమాతీ వీధి కలిసే మూల మీద, ఊరి నడిబొడ్డున ఉంది. 1902లో మేయెన్స్ బెంట్ అనే ఆవిడ ఇప్పటి టామ్ బోయా వీధిలో మొదలుపెట్టింది. నైరోబీకి అప్పటికి మూడేళ్లు. 1899లో రైలు పట్టాలు ఇక్కడికి చేరాయి కాబట్టి ఊరు పుట్టింది, ఊరు పుట్టగానే హోటల్ వచ్చింది. ఆ మొదటి కట్టడం కాలిపోయింది. ఇప్పుడున్న చోటికి తర్వాత మారింది.

గుమ్మం దగ్గర బ్యాగులకు స్కానర్, కార్ల కింద అద్దం పెట్టి చూసేవాళ్లు. 1998 ఆగస్టు 7న అమెరికా రాయబార కార్యాలయం మీద బాంబు దాడిలో నైరోబీలో రెండు వందల మందికి పైగా పోయారు. 2013లో ఒక మాల్ మీద దాడి జరిగింది. అందుకే మాల్ అయినా, బ్యాంకు అయినా, హోటల్ అయినా చేతులు చాపి నిలబడటం ఇక్కడ అలవాటు. చెక్ చేసే కుర్రాడు కూడా ముందు "కరిబు", రండి, అంటాడు. ఆ తర్వాతే జేబులు తడుముతాడు.

రిసెప్షన్‌లో నేను పప్పులో కాలేశాను. నేరుగా వెళ్లి "లిఫ్ట్ ఎక్కడ?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "గుడ్ ఈవెనింగ్ సర్, ఎలా ఉన్నారు?" అని ఆగింది. నేను మళ్లీ లిఫ్ట్ అన్నాను. ఆమె మళ్లీ ఆగింది. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"ఏమండీ, ముందు ఆమెను పలకరించండి."

బాగున్నాను, మీరెలా ఉన్నారు అన్నాకే లిఫ్ట్ ఎటో తెలిసింది. ఆ తర్వాత ఐదు రోజులూ నీళ్ల బాటిల్ కొన్నా, దారి అడిగినా మొదటి మాట "హబారి", ఏం సంగతులు, అనే. అది లేకుండా అడిగితే జవాబు వస్తుంది కానీ ముఖం రాదు.

ఫిబ్రవరి 17, సోమవారం: చెట్టు కింద

పొద్దున టిఫిన్ దగ్గర గుడ్లు, రొట్టెలు, నాకు పేర్లు తెలియని చీజులు వరసగా ఉన్నాయి. ఆ వరస చివర మూతపెట్టిన కుండలో ఎర్రగోధుమ రంగు జావ కనిపించింది. ఉజి అన్నారు. వడ్డించే పెద్దావిడను (ముందు పలకరించే) దేంతో చేస్తారని అడిగాను. "వింబి" అంది. మా ఆవిడ కళ్లు వెలిగాయి. వింబి అంటే రాగి. ఆ మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికాయేనని, మన దగ్గరికి వేల ఏళ్ల కిందట వచ్చిందని అక్కడే నాకు పాఠం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో పొద్దున్నే వద్దంటున్న రాగిజావను ఐదు నక్షత్రాల హోటల్లో రెండు గిన్నెలు తాగాను. దాని గురించి ఇంటికొచ్చాక కూడా వింటున్నాను.

ఆమె మీటింగుకు వెళ్లింది. నేను హోటల్ చూడటం మొదలుపెట్టాను.

పేరున్నది అక్కడి తుమ్మచెట్టుకు. థార్న్ ట్రీ కెఫే 1959లో తెరిచారు. మధ్యలో పసుపు బెరడు తుమ్మ ఉంటుంది, మన తుమ్మకు చుట్టమే. ఇంగ్లీషులో దాన్ని జ్వరం చెట్టు అంటారు. నీటి చెమ్మ ఉన్నచోట పెరుగుతుంది, అక్కడే దోమలూ ఉంటాయి, కాబట్టి మలేరియా చెట్టు వల్లే వస్తుందని తెల్లవాళ్లు నమ్మారు. ఫోన్లు లేని రోజుల్లో ఖండం తిరిగేవాళ్లు ఈ చెట్టు దగ్గరి బోర్డుకు చీటీలు గుచ్చేవారు. కంపాలా వెళ్తున్నాను, నువ్వొస్తే ఫలానా చోట ఉంటాను, అలాంటివి. మన రైల్వే స్టేషన్లలో స్తంభాల మీద బొగ్గుతో రాసిన కబుర్లు గుర్తొచ్చాయి నాకు. టీ చెప్పాను. ఆ టీకి ఇచ్చిన డబ్బుతో బయట పది టీలు తాగొచ్చని మర్నాడు తెలిసింది. కానీ చెట్టు నీడకు అద్దె అనుకుంటే ఎక్కువ కాదు.

ఎక్స్ఛేంజ్ బార్ అని ఇంకో గది ఉంది. పేరు ఊరికే పెట్టలేదు. నైరోబీ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1954 నుంచి 1991 దాకా ఈ హోటల్లోనే నడిచింది. బ్రోకర్లు టీ తాగుతూ షేర్లు అమ్ముకునేవారట. తోలు కుర్చీలు, చెక్క గోడలు, మెల్లగా మాట్లాడాలనిపించే వెలుతురు. గోడల మీద పాత ఫొటోలు. హెమింగ్వే దిగిన హోటల్ అని అందరూ చెప్పే మాట నాకూ చెప్పారు.

ఫొటోల ముందు నిలబడితే ఒక విషయం లెక్కకొచ్చింది. ఆ రోజుల్లో ఈ గదిలోకి నన్ను రానిచ్చేవారు కాదు. 1950ల చివరి దాకా నైరోబీ పెద్ద హోటళ్లు తెల్లవాళ్లకే. భారతీయులకు, ఆఫ్రికన్లకు పని ఉంటే వెనక గుమ్మం. ఇప్పుడు ఈ హోటల్ ఎవరిది అని అడిగితే, 1970ల చివర నుంచీ భారతీయ మూలాలున్న కెన్యా కుటుంబానిదని చెప్పారు. పేరు మాత్రం ఆఫ్రికా లోపలి దాకా తిరిగిన తెల్ల యాత్రికుడు హెన్రీ మోర్టన్ స్టాన్లీదే, మార్చలేదు.

పేర్లు మార్చిన పని రోడ్డు మీద జరిగింది. ముందున్న కెన్యాటా అవెన్యూ ఒకప్పుడు తెల్ల భూస్వామి డెలమేర్ పేరు మీద ఉండేది. పక్కది కిమాతీ వీధి. దేదాన్ కిమాతీ బ్రిటిష్ పాలన మీద తిరగబడిన మౌ మౌ పోరాట నాయకుడు, 1957 ఫిబ్రవరి 18న బ్రిటిష్ ప్రభుత్వం ఉరితీసింది. సరిగ్గా 50 ఏళ్లకు, 2007లో అదే తేదీన, ఆ వీధిలో ఆయన కంచు విగ్రహం నిలబెట్టారు. ఒక చేతిలో తుపాకీ, ఇంకో చేతిలో కత్తి. స్టాన్లీ గుమ్మం నుంచి నాలుగు నిమిషాల నడక.

సాయంత్రం హోటల్ బయట ఒక టాక్సీ డ్రైవరుతో మాట్లాడుకున్నాను. మర్నాడు మా ఆవిడకు మధ్యాహ్నం నుంచి ఖాళీ, మూడింటికి నేషనల్ పార్కుకు వెళ్దామని అనుకున్నాం. విమానంలో నేర్చుకున్న స్వాహిలి చూపించాలన్న దురద నాకు. "కెషో, సా తాతు" అన్నాను. రేపు, మూడు గంటలకు. అతను "సావా, మ్‌జే" అని చెయ్యి కలిపాడు. మ్‌జే అంటే ముసలాయన అని తెలిసి కాస్త మూతి ముడుచుకున్నాను. అది మన పెద్దాయన లాంటి మర్యాద మాటేనని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 18, మంగళవారం: మూడు గంటలు ఎప్పుడవుతాయి

పొద్దున తొమ్మిదికి గదిలో ఫోన్ మోగింది. మీ డ్రైవర్ వచ్చి ఉన్నాడు సర్. తల తుడుచుకుంటూ, ఇప్పుడెందుకు వచ్చాడయ్యా అన్నాను. మీరు చెప్పిన టైముకే వచ్చాడు అంది ఆ అమ్మాయి.

కిందికి దిగాక అర్థమైంది. స్వాహిలిలో గంటలు సూర్యుడితో మొదలవుతాయి. పొద్దున ఏడు అంటే ఒకటో గంట, తొమ్మిది అంటే మూడో గంట. మనం మూడనుకునే మధ్యాహ్నం వాళ్లకు తొమ్మిదో గంట. నేను ఇంగ్లీషులో చెప్పి ఉంటే మూడింటికే వచ్చేవాడు. స్వాహిలిలో చెప్పాను కాబట్టి స్వాహిలి టైముకు వచ్చాడు. తప్పు పట్టడానికి నోరు రాలేదు. మా తాత కూడా జాము పొద్దెక్కింది అనేవాడే తప్ప తొమ్మిదయింది అన్నది నేను వినలేదు.

"పోలె, మ్‌జే" అన్నాడు డ్రైవర్. పోలె అంటే క్షమించమని కాదు, అయ్యో పాపం అని. కాలు తట్టుకున్నా పోలె, జ్వరమొచ్చినా పోలె, మన తెలివితక్కువకూ పోలె. ఈ మాట తెలుగులోకి తెచ్చుకుంటే బాగుండు.

వచ్చినవాణ్ని వెనక్కి పంపడం ఇష్టం లేక రైల్వే మ్యూజియంకు పోదామన్నాను. దారిలో కిమాతీ విగ్రహం దగ్గర బండి నెమ్మది చేసి, ఈరోజే ఆయన పోయిన రోజు అన్నాడు. విగ్రహం పాదాల దగ్గర ఎవరో రెండు పూలు పెట్టారు. దాటాక అతనే రేడియో సౌండు మళ్లీ పెంచాడు.

మ్యూజియం అంటే స్టేషన్ వెనక షెడ్లు, ఆరుబయట తుప్పు పట్టిన ఇంజన్లు. నాకు మాత్రం పుట్టింటికి వచ్చినట్టుంది. మాది కదిరి. ధర్మవరం–పాకాల మీటర్ గేజ్ బండ్లలో పెరిగాను. ఇక్కడి లైనూ మీటర్ గేజే. 1896లో మొంబాసాలో మొదలై 1901లో విక్టోరియా సరస్సు ఒడ్డుకు చేరింది. దాన్ని వేయడానికి భారతదేశం నుంచి దాదాపు 32 వేల మంది కూలీలను తెచ్చారు. ఎక్కువ మంది పంజాబు వైపు వాళ్లు. రెండున్నర వేల మంది దాకా చనిపోయారు, పట్టాల పొడవుతో లెక్కేస్తే మైలుకు నలుగురు. ఏడు వేల లోపు ఇక్కడే ఉండిపోయారు, మిగతావాళ్లు ఇంటికి పోయారు.

అక్కడొక బోగీ ఉంది. 1900లో కీమా స్టేషన్లో మనుషుల్ని తింటున్న సింహాన్ని కాల్చడానికి రైల్వే పోలీసు అధికారి చార్లెస్ రైయల్ దానిలో రాత్రి కాపు కాశాడు. కునుకు పట్టింది. సింహమే బోగీలోకి వచ్చి అతణ్ని ఈడ్చుకుపోయింది. లోపల ఇంకా ఇద్దరు ఉన్నారు, బతికారు. ఆ బోగీ లోపలికి ఎక్కి కూర్చున్నాను. రెండు బెర్తుల మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా. అంత ఇరుకులో సింహం ఎలా తిరిగిందో నాకు ఊహకు అందలేదు. ఆ ఒక్కడి పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంది. మైలుకు నలుగురి పేర్ల కోసం షెడ్డంతా వెతికాను, నా కంటికి కనబడలేదు.

ఆకలి వేసింది. మంచి హోటల్‌కు తీసుకెళ్తానన్నాడు, వద్దు నువ్వు తినేచోటికి పద అన్నాను. రేకుల కప్పు, రెండు బల్లలు. ముందుగా ఒకమ్మాయి చెంబు, పళ్లెం తెచ్చి చేతుల మీద గోరువెచ్చని నీళ్లు పోసింది. తర్వాత ఉగాలి. తెల్ల మొక్కజొన్న పిండి సంగటి, ముద్ద గట్టిగా చాకుతో కోసేటట్టుంది. పక్కన సుకుమా వికి, అంటే తరిగి వేయించిన ఆకుకూర. ఆ పేరుకు అర్థం వారాన్ని నెట్టుకురావడం. జీతం అయిపోయాక చివరి రోజులు దాంతోనే గడుస్తాయని. కచుంబరి అని ఉల్లి, టమాటా ముక్కలు. మనవైపు నుంచి వెళ్లిన కచుంబరే.

నంజుకోవడానికి కారం చాలలేదు. సంచిలోంచి డబ్బా తీసి చెనక్కాయల పొడి వేసుకున్నాను. డ్రైవర్ చూపు డబ్బా మీదే. కొంచెం వేశాను. నమిలి, ఆగి, "న్జుగు!" అన్నాడు. చెనక్కాయలు. వంటావిడ వచ్చింది, రుచి చూసింది, దగ్గింది, ఇంకొంచెం అంది. ఇద్దరి భోజనం 400 షిల్లింగులు. షిల్లింగ్ మన అరవై ఏడు పైసలు లెక్కన 270 రూపాయలు కూడా కాలేదు. నా దగ్గర వెయ్యి నోటు, ఆమె దగ్గర చిల్లర లేదు. అక్కడ అందరూ ఎం-పెసాలోనే ఇస్తారు. మన యూపీఐ పుట్టకముందే, 2007 నుంచీ, మామూలు బటన్ ఫోన్లోనే. డ్రైవర్ తన ఫోన్లో కట్టేసి లెక్కలో రాసుకున్నాడు.

అసలు మూడింటికి పార్కుకు వెళ్లాం. 1946లో పెట్టిన పార్కు, 117 చదరపు కిలోమీటర్లు, ఊరికి ఆనుకునే ఉంది. జిరాఫీల వెనక ఎత్తు మేడలు కనిపిస్తాయి. ఖడ్గమృగం దూరంగా ఒక బండరాయిలా కనిపించింది. సింహం కనిపించలేదు. బోగీ చూసొచ్చాక నాకు పెద్దగా బాధ కూడా లేదు.

ఫిబ్రవరి 19, బుధవారం: దారి తప్పడం

బియాషారా వీధి ఒకప్పుడు ఇండియన్ బజార్. ఇప్పటికీ బట్టల కొట్లు ఎక్కువ. ఒక గుజరాతీ పెద్దాయన గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇండియాలో ఎక్కడ అని హిందీలో అడిగాడు. ఆంధ్రా అన్నాను. అది దక్షిణంలో కదా అన్నాడు, మ్యాపులో చూసినట్టు. నాలుగో తరం ఇక్కడ, ఇండియా ఎప్పుడూ చూడలేదట. "బాగుంటుందా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక బాగుంటుందన్నాను.

మా ఆవిడకు కాంగా కొన్నాను. అక్కడి ఆడవాళ్ల చుట్టుగుడ్డ, ఎప్పుడూ జతగా వస్తుంది, అంచు మీద ఒక సామెత అచ్చు వేసి ఉంటుంది. నచ్చిన రంగు కంటే రాసిన మాట చూసి కొనాలట. మాట చూడకుండా అత్తగారికి ఇస్తే గొడవలవుతాయని ఆయనే నవ్వుతూ చెప్పాడు. నేను కొన్నదాని మీద "హరాకా హరాకా హైనా బరాకా" అని ఉంది. తొందరలో బరకత్తు లేదని. మా ఆవిడ చదివి, ఇది నాకా మీకా అంది. జత 600 షిల్లింగులు. ఎనిమిది వందల నుంచి బేరమాడాను. ఆయన ఇంకా తగ్గేవాడేమో.

దుకా అంటే దుకాణం, గారి అంటే గాడీ, పెసా అంటే పైసా, గునియా అంటే మన గోనె సంచి. బోర్డులు చదువుతూ ఈ మాటలు ఏరుకుంటూ నడిచేసరికి దారి తప్పాను. టామ్ బోయా వీధి దాటి రివర్ రోడ్ వైపు పోయాను. రంగురంగుల బొమ్మలు వేసిన మటాటు వ్యాన్లు, గుండె అదిరే పాటలు, తలుపుకు వేలాడుతూ కేకలేసే కండక్టర్లు. హోటల్ వాళ్లు ఫోన్ బయట తీయొద్దని చెప్పిన వీధులు ఇవే. నేను ఫోన్ తీసి మ్యాప్ చూస్తున్నాను.

అరటిపళ్లమ్మే ఆవిడ దగ్గరికి పిలిచింది. "బాబా, ఫోన్ జేబులో పెట్టు." పెట్టాను. ఎక్కడికి? స్టాన్లీ. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, స్టాన్లీయా అని పక్కావిడతో ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. పక్కన మూటలు మోసే కుర్రాణ్ని నాతో పంపింది. అతను కిమాతీ వీధి మూల దాకా వచ్చి ఆగాడు. హోటల్ దాకా రమ్మన్నాను, టీ తాగుదామన్నాను. తల అడ్డంగా ఊపాడు. డబ్బు ఇవ్వబోతే ముందు వద్దన్నాడు, రెండోసారి తీసుకున్నాడు. ఫొటోల గదిలో నేను వేసుకున్న లెక్క అంతటితో తేలలేదని అప్పుడనిపించింది. గార్డు నాకు మాత్రం చెయ్యెత్తి సలాం చేశాడు.

ఫిబ్రవరి 20, గురువారం: రెండు విగ్రహాలంత దూరం

చివరి రోజు పొద్దున యూనివర్సిటీకి నడిచాను. అక్కడ గాంధీ విగ్రహం ఉంది. ఇక్కడి భారతీయులు ఆయన పేరు మీద చందాలు పోగుచేసి కాలేజీకి ఇచ్చారు. 1956లో విగ్రహాన్ని ఆవిష్కరించింది అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ చాన్సలర్‌గా చేసిన మనిషి. ఆయన ఇక్కడ నిలబడిన నాటికి, పైన చెప్పిన తెల్ల హోటళ్ల గుమ్మాలు ఇంకా మూసే ఉన్నాయి. కిమాతీకి ఉరి ఇంకా పడలేదు.

అక్కడికి దగ్గర్లోనే నార్‌ఫోక్ హోటల్. 1904 క్రిస్మస్‌కు తెరిచారు, స్టాన్లీకి పాత పోటీదారు. ముందు వసారా, పొడుగు కుర్చీలు. బయటి నుంచే చూశాను. అది ఉన్న రోడ్డు పేరు హ్యారీ తుకు రోడ్. బ్రిటిష్ పాలనను ఎదిరించిన నాయకుడు తుకును 1922 మార్చిలో అరెస్టు చేస్తే విడిచిపెట్టమని జనం పోలీసు స్టేషన్ ముందు చేరారు. మేరీ ముతోని న్యాంజిరు అనే ఆవిడ, మీకు చేతకాకపోతే మీ ప్యాంట్లు మాకివ్వండి అని మగవాళ్లను ఎద్దేవా చేసి ముందుకు నడిపింది. కాల్పుల్లో పోయింది. సర్కారు లెక్క 21 మంది, జనం లెక్క అంతకంటే చాలా ఎక్కువ. నార్‌ఫోక్ వసారాలో ఉన్న తెల్లవాళ్లు కూడా తుపాకులు పేల్చారని చెబుతారు. నేను చూసినప్పుడు ఆ వైపు నుంచి కాఫీ వాసన, స్పూన్ల చప్పుడు వస్తున్నాయి. కాలేజీ పిల్లలు పుస్తకాలతో రోడ్డు దాటుతున్నారు.

స్టాన్లీకి తిరిగొచ్చి సామాను సర్దాం. ఉజి వడ్డించిన పెద్దావిడ కోసం మా ఆవిడ వంటింటి గుమ్మం దాకా వెళ్లింది. మిగిలిన చెనక్కాయల పొడి డబ్బాతో సహా ఇచ్చి, బదులుగా ఒక కాగితం తెచ్చుకుంది. ఉజి పిండిని రాత్రి పులియబెట్టే కొలతలు. నాకు చూపించలేదు.

విమానానికి టాక్సీ కావాలి. ముందు రోజే అదే డ్రైవరుకు ఫోన్ చేశాను. ముందు హబారి అన్నాను, వాళ్లింట్లో అందరినీ అడిగాను, ఆ తర్వాత మూడింటికి రమ్మన్నాను. ఇంగ్లీషులోనే. అయినా అతను ఒక క్షణం ఆగాడు.

"మూడు, సరే. మీ గడియారంలోనా, మా గడియారంలోనా, మ్‌జే?"

విమానం వాళ్ల గడియారంలో బాబూ అన్నాను.